కారు షెడ్డుకు తలుపులు పెట్టించే ముందు కాళ్ల సంగతి చూడండి

ఇంటి ముందు రేకుల షెడ్డు ఉంటుంది, కారు అందులో ఉంటుంది. కోతులు, కుక్కలు, దుమ్ము, దొంగల భయం. ముందువైపు రెండు తలుపులు పెట్టిస్తే సరిపోతుంది కదా అని వెల్డర్‌ను పిలుస్తారు. ఆయన షెడ్డు ముందరి రెండు పైపులకే బందులు అతికించి, సాయంత్రానికల్లా తలుపులు వేలాడదీసి వెళ్లిపోతాడు. ఆ రోజు గడియ చక్కగా పడుతుంది. మొదటి వానాకాలం గడిచేసరికి తలుపు కొస నేలకు రాసుకుంటుంది, గడియ రంధ్రం అర అంగుళం పక్కకు పోతుంది, తలుపును పైకెత్తి పట్టుకుంటే తప్ప మూసుకోదు. తలుపు బాగోలేదని మళ్లీ వెల్డర్‌ను తిట్టుకుంటాం. చాలా సందర్భాల్లో తలుపు బాగానే ఉంటుంది, వాలింది కాలు.

రేకుల షెడ్డు కాళ్లను వేసింది పైకప్పు బరువు మోయడానికి. ఆ బరువు నిలువునా కిందికి దిగుతుంది, కాబట్టి రెండు రెండున్నర అంగుళాల పైపు, దాని కింద బేస్ ప్లేటు, 4 అంగుళాల గచ్చులోకి దింపిన నాలుగు యాంకర్ బోల్టులు చాలు. తలుపు చేసే పని వేరు. అది కాలిని పక్కకు లాగుతుంది, అదీ రాత్రింబవళ్లు. 5 అడుగుల వెడల్పు, 60 కిలోల బరువున్న ఒక రెక్కను తీసుకోండి. బరువు కేంద్రం బందుకు రెండున్నర అడుగుల దూరంలో ఉంటుంది. పై బందుకూ కింది బందుకూ మధ్య 6 అడుగులు. 60ని రెండున్నరతో గుణించి 6తో భాగిస్తే 25. అంటే పై బందు దగ్గర కాలిని 25 కిలోల బలం ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. 30 కిలోల పిల్లవాడు తలుపు కొస పట్టుకుని ఊగితే దానికి ఇంకో 25 కలుస్తుంది. గచ్చుకు బిగించిన బేస్ ప్లేటు ఈ లాగుడును ఎక్కువ కాలం ఆపలేదు. బోల్టు చుట్టూ గచ్చు నలుగుతుంది, ప్లేటు ఒకవైపు లేస్తుంది. కాలి పైకొస ఒక్క అంగుళం వాలితే 5 అడుగుల రెక్క కొస అర అంగుళం పైగా కిందికి దిగుతుంది. నేలకూ తలుపుకూ మధ్య వదిలిన సందులో పావు వంతు పైగా అక్కడే పోయింది.

అందుకే నా సలహా ఒక్కటే, గట్టిగా చెబుతాను: తలుపులకు వాటి సొంత కాళ్లు వేయించండి. షెడ్డు కాళ్లను ముట్టుకోవద్దు. ఖర్చు పెరిగేది ఒక పైపు, మూడు బస్తాల సిమెంటు, ఒక రోజు గుంత పని. తర్వాత తలుపులు ఊడదీసి మళ్లీ బిగించడంతో పోలిస్తే అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఏ రకం తలుపు పడుతుందో కారు పొడవు చెబుతుంది

రకం ఎంచుకోవడంలో అందం చివరి సంగతి. ముందు కారును షెడ్డులో రోజూ పెట్టే చోట పెట్టి, వెనక బంపరు నుంచి తలుపు గీత దాకా టేపుతో కొలవండి. క్రెటా పొడవు 4330 మిల్లీమీటర్లు, అంటే 14 అడుగుల 2 అంగుళాల పైచిలుకు. ఇన్నోవా క్రిస్టా 4735, అంటే 15 అడుగులన్నర దాటుతుంది. రెండు రెక్కల తలుపు లోపలికి తెరుచుకోవాలంటే ఒక్కో రెక్క తిరగడానికి 5 అడుగులు ఖాళీ కావాలి. క్రెటాకు కూడా షెడ్డు లోతు 19 అడుగులు దాటాలన్నమాట. మన షెడ్లు చాలావరకు 16 నుంచి 18 అడుగుల లోతే ఉంటాయి. తలుపు తయారై వచ్చాక, కారు లోపల ఉంటే అది మూతపడదని తెలియడం కంటే బాధ ఇంకొకటి లేదు.

షెడ్డు ప్రహరీ లోపల ఉండి, దాని ముందు మన స్థలమే ఉంటే తలుపులు బయటికి తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. షెడ్డు నేరుగా రోడ్డు అంచున ఉంటే మాత్రం వద్దు. రెక్క రోడ్డు మీదకు రావడం నిబంధనలకు విరుద్ధం, బండి మీద వచ్చేవాడికి ప్రమాదం. ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ స్థలంలో షెడ్డు ఉంటే, దాన్ని నాలుగు వైపులా మూసేముందు మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఒక మాట అడగండి. తెరిచి ఉన్న షెడ్డును చూసీ చూడనట్టు వదిలేసినవాళ్లు మూసిన గదిని అలా వదలకపోవచ్చు.

లోతు తక్కువైతే నాలుగు మడతల తలుపు మంచిది. 10 అడుగుల వెడల్పుకు రెండున్నర అడుగుల పలకలు నాలుగు. మడత పడేటప్పుడు లోపలికి వచ్చేది రెండున్నర అడుగులే. పలకలు మడిచి నిలబెట్టినప్పుడు ఒక్కో పక్క 4, 5 అంగుళాలు తినేస్తాయి, కాబట్టి 10 అడుగుల దారి చేతికి వచ్చేది 9 అడుగుల 2 అంగుళాలే అనుకోండి. బందులు ఎక్కువ, కాబట్టి వదులయ్యే చోట్లు కూడా ఎక్కువ. పలక మధ్య బందులకు ఏడాదికోసారి గ్రీజు తప్పదు.

పక్కకు జరిగే తలుపుకు లోపలా బయటా చోటు అక్కర్లేదు కానీ పక్కన దారి వెడల్పంత గోడ కావాలి, దానికి పైన ఇంకో అడుగున్నర. 10 అడుగుల దారికి పక్కన పదకొండున్నర అడుగుల గోడ చాలా ఇళ్లలో దొరకదు. దొరికితే, కింద పట్టాగా గుంట ఉన్న ఛానల్ వద్దు, అందులో మట్టి, నీళ్లు, గులకరాళ్లు చేరతాయి. కోణం పైకి ఉండేలా యాంగిల్‌ను గచ్చులో పాతించి, దాని మీద గాడి ఉన్న బేరింగ్ చక్రాలు నడిచేలా చేయించండి. రెండు కొసలా స్టాపర్లు, పైన తలుపును నిటారుగా పట్టి ఉంచే నైలాన్ రోలర్లు ఉండి తీరాలి. స్టాపరు లేని జరుగుడు తలుపు పట్టా దాటి వచ్చి మనిషి మీద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ప్రాణాల సంగతి. స్టాపరును బోల్టుతో సరిపెట్టకుండా వెల్డింగ్ చేయించండి.

ఇక రోలింగ్ షట్టరు. దీనికి లోతుతో, పక్క గోడతో పని లేదు, పైన డ్రమ్ముకు 15 అంగుళాలు కావాలి. ముందరి ఎత్తు 8 అడుగులుంటే దారి 6 అడుగుల 9 అంగుళాలకు దిగుతుంది. క్రిస్టా ఎత్తు 6 అడుగుల లోపే కాబట్టి దూరుతుంది, పైన సామాను పెట్టుకునే క్యారియర్ ఉంటే మళ్లీ కొలవాలి. ఒక కారుకు 10 అడుగుల వెడల్పు షట్టరును చేత్తోనే లాగొచ్చు. రెండు కార్లకు కలిపి 18 అడుగులు పెట్టాలంటే చేతి స్ప్రింగు సరిపోదు, గొలుసు గేరో మోటారో కావాలి. షట్టరు బరువంతా పైన దూలం మీద పడుతుంది. షెడ్డు ముందరి సన్న పైపుకు దాన్ని తగిలించొద్దు. ఇక్కడా సొంత కాళ్లే.

దారి వెడల్పు ఎంత ఉండాలి? క్రిస్టా ఒళ్లు 1830 మిల్లీమీటర్లు, సరిగ్గా 6 అడుగులు. పక్క అద్దాలతో ఇంకో 8, 10 అంగుళాలు. 8 అడుగుల దారిలో ఒక్కో పక్క మిగిలేది 7 అంగుళాలు, అదీ కారు నిటారుగా వస్తేనే. 20 అడుగుల వీధిలో కారు ఏటవాలుగా తిరిగి లోపలికి రావాలి. అలాంటి చోట 10 అడుగులు పెట్టండి. వీధి 30 అడుగులుంటే 9 చాలు.

వాలు కొలవడం మరిచిపోవద్దు

షెడ్డు గచ్చు నీళ్లు బయటికి పోయేలా 100కి 1 చొప్పున వాలి ఉంటుంది. 5 అడుగుల రెక్క లోపలికి తెరిస్తే దాని కొస కింద నేల అర అంగుళం పైన లేస్తుంది. కింద 2 అంగుళాల సందు వదిలితే ఇబ్బంది లేదు. తలుపు పడేది ర్యాంపు మీద అయితే కథ మారుతుంది. 10కి 1 వాలున్న ర్యాంపు మీద 5 అడుగుల రెక్క 6 అంగుళాలు ఎదురు లేచే నేలకు తగులుతుంది. 6 అంగుళాల సందు వదిలితే కుక్కలు, పందికొక్కులు దర్జాగా దూరతాయి. అప్పుడు తలుపు గీతను ర్యాంపు పైకొసకు జరపడమో, మడత తలుపు పెట్టడమో మేలు. గచ్చు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కూడా వాలి ఉండొచ్చు. నీటి గొట్టంతో రెండు కాళ్ల దగ్గరా మట్టం చూసి, ఎక్కువ ఎత్తున్న చోటును లెక్కలోకి తీసుకోండి.

కాళ్లు, గుంతలు

10 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున్న రెండు రెక్కల తలుపుకు 100 × 100 మిల్లీమీటర్ల, 4 మిల్లీమీటర్ల మందం పైపు సరిపోతుంది. 6 మీటర్ల లెంగ్త్ ఒక్కటి కొని సగానికి కోయిస్తే రెండు కాళ్లూ వచ్చేస్తాయి: ఒక్కొక్కటి 9 అడుగుల 10 అంగుళాలు. అందులో రెండున్నర అడుగులు నేలలోకి, మిగతా 7 అడుగుల 4 అంగుళాలు పైకి. రెక్క 7 అడుగులు, కింద సందు 2 అంగుళాలు పోగా పైన 2 అంగుళాలు మిగులుతుంది.

గుంత అడుగున్నర చదరం, 3 అడుగుల లోతు. అడుగున కాంక్రీటు కాస్త పరిచి దాని మీద కాలు నిలబెట్టాలి, మట్టి మీద నేరుగా కాదు. కాలి అడుగు భాగాన 12 మిల్లీమీటర్ల ఊచ ముక్కలు రెండు అడ్డంగా వెల్డింగ్ చేయిస్తే కాలు కాంక్రీటులో తిరగదు, పైకి లేవదు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, 20 మిల్లీమీటర్ల కంకర మూడు పాళ్లు. రెండు గుంతలకూ కలిపి మూడు బస్తాల సిమెంటు, 6 ఘనపుటడుగుల ఇసుక, 12 ఘనపుటడుగుల కంకర తెప్పించుకోండి. నల్లరేగడి నేల అయితే ఈ లోతు చాలదు. వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో బీటలిచ్చే ఆ మట్టి కాలిని అటూ ఇటూ తోస్తుంది. మొరం తగిలేదాకా, కనీసం 4 అడుగులన్నా తవ్వి, కాంక్రీటు చుట్టూ మొరం దట్టించాలి. లోతు పెరిగిన మేరకు అడుగు కాంక్రీటు మందం పెంచితే పైపు పొడవు మారదు.

కాలిని రెండు ముఖాల మీదా తూకం గుండు వేసి నిలువు చూడాలి, ఒక్క ముఖం చూసి వదిలేస్తే లాభం లేదు. రెండు కాళ్ల మధ్య దూరాన్ని కిందా పైనా కొలవండి, తేడా 3 మిల్లీమీటర్లు మించకూడదు. కాంక్రీటును నేలకు సమంగా ఆపకుండా అంగుళం, రెండంగుళాలు పైకి తెచ్చి చుట్టూ వాలుగా చెక్కించండి. కాలు తుప్పు పట్టేది ఎప్పుడూ నేలను తాకే ఆ రెండంగుళాల మేరే, నీళ్లు నిలిచేదక్కడే కాబట్టి. పైన మూత ప్లేటు వెల్డింగ్ చేయించకపోతే వాన నీళ్లు పైపులోకి దిగి లోపలి నుంచి తింటాయి.

రెండు కాళ్ల తలలనూ కలుపుతూ పైన ఒక అడ్డ పైపు పెడితే చాలా మేలు. తలుపులు మూసి ఉన్నప్పుడు రెండు రెక్కలూ రెండు కాళ్లను ఒకదాని వైపు ఒకటి లాగుతాయి. ఆ లాగుడును అడ్డ పైపు అక్కడికక్కడే ఆపేస్తుంది. తెరిచినప్పుడు మాత్రం లాగుడు లోపలి వైపు తిరుగుతుంది కాబట్టి గుంత బలం ఎలాగూ కావాలి.

వారం రోజులు నీళ్లు పట్టాకే తలుపులు వేలాడదీయాలి. తొందర పడి మర్నాడే వేలాడదీస్తే ఇంత లెక్కా వృథా.

రెక్క కట్టే తీరు

40 × 40 మిల్లీమీటర్ల, 2 మిల్లీమీటర్ల మందం స్క్వేర్ పైపు. ఒక్కో రెక్కకు నిలువులు రెండు, అడ్డాలు నాలుగు: అడుగున ఒకటి, అడుగు ఎత్తులో ఒకటి, 6 అడుగుల దగ్గర ఒకటి, తలన ఒకటి. మధ్య 5 అడుగుల చదరంలో ఒక ఏటవాలు పైపు. అన్నీ కలిపి రెక్కకు 41 అడుగులు, రెండింటికి 82. తరుగు పోను 20 అడుగుల లెంగ్త్‌లు ఐదు కావాలి.

ఏటవాలు పైపు ఎటు పెట్టాలో చాలామంది పట్టించుకోరు. బందుల వైపు కింది మూల నుంచి గడియ వైపు పై మూలకు పోవాలి. అప్పుడు వేలాడే కొస బరువు ఆ పైపు గుండా కింది బందు దగ్గరికి దిగుతుంది. తిప్పి పెడితే ఆ భారమంతా వెల్డింగుల మీద లాగుడుగా పడుతుంది, వెల్డింగు సరిగా పడని చోట ముందు అక్కడే చీలుతుంది.

మధ్య చదరానికి రంగు పూత ఉన్న అర మిల్లీమీటరు ముడతల రేకును నిలువుగా పెట్టండి. 5 అడుగుల పొడవున కోయించుకోవచ్చు, తేలిక, వాన నీరు గాళ్ల వెంట జారిపోతుంది. సాదా రేకు 1.2 మిల్లీమీటర్లది పెడితే ఒక్కో రెక్కకు 10 కిలోలు పెరుగుతుంది, పైగా అది 4 అడుగుల వెడల్పే వస్తుంది కాబట్టి మధ్యలో అతుకు తప్పదు. కిందా పైనా ఉన్న అడుగు పట్టీల్లో 12 మిల్లీమీటర్ల చదరపు ఊచలు, 4 అంగుళాలకొకటి. ఊచల వెనక సన్న జాలీ వేస్తే ఎలుకలు కూడా ఆగుతాయి.

ఆ జాలీ పట్టీలు అలంకారానికి కావు, రెండు గట్టి కారణాలున్నాయి. ఒకటి గాలి. కట్టడాల మీద గాలి భారం లెక్కగట్టే భారత ప్రమాణం (IS 875) మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలో తీసుకోవాల్సిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడకూ విశాఖకూ 50. ఆ వేగాన చదరపు మీటరుకు ఒత్తిడి దాదాపు 118 కిలోలు, 153 కిలోలు. 10 × 7 అడుగుల తలుపును పూర్తిగా రేకుతో మూస్తే హైదరాబాద్‌లో 770 కిలోలు, విశాఖలో ఒక టన్ను లెక్క వస్తుంది. ఇళ్ల మధ్య, నేలకు దగ్గరగా ఇది తగ్గుతుంది, అయినా తుపాను రోజున గడియ మీద, కాళ్ల మీద పడే భారం ఏ స్థాయిదో అర్థమవుతుంది. రెండడుగుల మేర ఊచలుంటే ఆ భారంలో పావు వంతు దాకా పోతుంది.

రెండోది ఊపిరి. మన ఇళ్లలో షెడ్డులోకే ఒక పడకగది కిటికీ, ఇంటి సింహద్వారం, ఒక్కోసారి గ్యాస్ సిలిండరు, ఇన్వర్టరు బ్యాటరీ కూడా ఉంటాయి. కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మూసిన షెడ్డులో ఇంజిను ఆన్ చేసి ఏసీ వేసుకుని కూర్చోవడం ప్రాణం తీస్తుంది. తలుపులు పూర్తిగా తెరిచాకే ఇంజిను ఆన్ చేయాలి. వంట గ్యాసు, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటాయి. అందుకే కింది పట్టీ మరీ ముఖ్యం. దుమ్ము వస్తోందని తర్వాత దాన్ని రేకుతో మూయించకండి. ఊచల పట్టీ ఉంది కదా అని ఇంజిను నడుపుతూ కూర్చోవచ్చని కూడా అనుకోవద్దు.

బందులు, గడియలు

పూర్తయిన రెక్క 55 నుంచి 65 కిలోలు తూగుతుంది. దీనికి బుష్ బందులు కావాలి, 20 మిల్లీమీటర్లకు తగ్గని పిన్నుతో. బరువు మోసేది కింది బందు ఒక్కటే అయి ఉండాలి, దాని అడుగున ఉక్కు గుండో బేరింగో పెట్టించండి. పై బందు పట్టి ఉంచడానికి మాత్రమే. రెండింటి పిన్నులూ ఒకే నిలువు గీతలో ఉన్నాయా లేదా అన్నది పొడవాటి తిన్నని ఊచ గానీ బిగించిన దారం గానీ వేసి చూడాలి. 3 మిల్లీమీటర్లు తేడా ఉన్నా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లేదా దానంతటదే మూసుకుంటుంది, పిన్ను ఒకవైపే అరుగుతుంది. వేలాడదీశాక పై పిన్ను మీద చిన్న ముక్క వెల్డింగ్ చేయించండి. లేకపోతే తాళం పగలగొట్టకుండానే తలుపును పైకెత్తి బందుల నుంచి ఊడదీసేయొచ్చు.

ముందుగా టాకాలే, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క వెల్డింగులే వేయించండి. తెరిచి, మూసి, రెండు రెక్కల మధ్య 10 మిల్లీమీటర్ల సందు కిందా పైనా సమంగా ఉందని చూశాకే పూర్తి వెల్డింగు. వెల్డింగు జరిగేటప్పుడు కారును వీధి చివర పెట్టండి. నిప్పురవ్వలు అద్దం మీద పడితే చుక్కలుగా కరిచి కూర్చుంటాయి, పాలిష్ చేసినా పోవు.

ఒక రెక్కకు పైనా కిందా గడియ ఉండి కదలకుండా నిలవాలి, రెండోది దాన్ని ఆనుకుని తాళం పడాలి. కింది గడియకు 16 మిల్లీమీటర్ల ఊచ, నేలలో 20 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం, 4 అంగుళాల లోతు. ఆ గొట్టం అడుగు మూసి ఉంటే మట్టి, నీళ్లు నిండి గడియ దిగదు. గచ్చు దాటి మట్టి దాకా రంధ్రం వేయించి కింద గులకరాళ్లు పోయిస్తే నీరు ఇంకిపోతుంది. తెరిచి ఉంచినప్పుడు రెక్కను పట్టి ఉంచడానికి కూడా ఇలాంటి గొట్టమే ఇంకొకటి కావాలి. ఇది లేకే గాలికి తలుపు విసురుగా వచ్చి కారు డోరును తంతుంది.

గాలివాన వస్తోందంటే రెండు రెక్కలూ మూసి అన్ని గడియలూ వేయండి. మూడు వైపులా గోడలుండి ముందు ఒక్క రెక్క తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి రేకులను కింది నుంచి పైకి తోస్తుంది. తలుపులు పెట్టించే రోజే పైకప్పు మరలు, జే హుక్కులు కూడా ఒకసారి బిగించమని అడగండి.

వెల్డర్‌తో మాట్లాడేటప్పుడు

చదరపు అడుగు లెక్కన ధర మాట్లాడితే పైపు మందం తగ్గించడమే ఆయనకు లాభం. కిలో లెక్కన మాట్లాడితే బరువు పెంచడం లాభం. ఏదైనా సరే, పైపు సైజు, మందం కాగితం మీద రాయించుకోండి. 40 × 40 పైపు 2 మిల్లీమీటర్లదైతే 6 మీటర్ల లెంగ్త్ దాదాపు 14 కిలోలు తూగాలి. 9 కిలోల లోపే తూగితే అది 1.2 మిల్లీమీటర్లది. రంగు వేశాక చూసి చెప్పడం కష్టం, కాబట్టి సరుకు దిగిన రోజే తూకం వేయండి.

రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఎనామెల్ రెండు పూతలు. వెల్డింగు పెంకు గీకి శుభ్రం చేయకుండా రంగు వేస్తే ఆరు నెలల్లో అక్కడే బుడగలు లేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పు గాలి ఊళ్లలో ఎపాక్సీ ప్రైమరుకు ఖర్చు పెట్టండి. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు వాడితే అతుకుల దగ్గర జింకు పూత రుద్దేశాకే వెల్డింగ్ చేయాలి, ఆ పొగ పీల్చకూడదు, తర్వాత అతుకుల మీద జింకు ప్రైమరు పూయాలి. రెక్క అడుగు పైపుకు కింది నుంచి 6 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు మూడు వేయించండి, లోపల చేరిన నీరు కారిపోవడానికి.

షెడ్డులో లైటు, బండి చార్జింగు సాకెట్టు ఉంటే వాటి వైరును తలుపు కాళ్ల మీదుగా లాగొద్దు. చార్జింగుకు విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చి), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చి) పెట్టించి, ఇనుప కాళ్లను ఎర్తింగుకు కలిపించండి. వానలో తడిచిన చేత్తో మనం ముందు పట్టుకునేది ఆ గడియనే.